ముప్పై ఏడో ప్రశ్నకు వెర్నా జవాబు

వెర్నా స్టాల్నేకర్ సెనేటర్ వేషం కట్టిందంటే ఆఫీసులో సగం మందికి నవ్వు, మిగతా సగం మందికి చెమట. వేషమంటే పెద్దదేం కాదు. చనిపోయిన మొగుడి గళ్ల కోటు, ముక్కు చివర నిలబెట్టిన కళ్లద్దాలు, ముందొక నీళ్ల గ్లాసు. ఆ గ్లాసెత్తి చప్పుడయ్యేలా జుర్రి, కళ్లద్దాల పైనుంచి ఎదుటి మనిషిని ఎగాదిగా చూసి, "అయితే ఏమంటారు, అయ్యా?" అని సాగదీసేది. అంతే! పెద్ద పెద్ద చదువులు చదివిన లాయర్లకు నాలుక పిడచకట్టుకుపోయేది.

ఆ తంతుకు అక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు హత్యా మండలి. గూఢచార సంస్థకు ప్రధాన న్యాయాధికారిగా ప్రెసిడెంటు ఎవరి పేరైనా పంపితే, ఆ మనిషి సెనేట్ కమిటీ ముందు కూర్చుని, ప్రమాణం చేసి, అడిగినవాటికల్లా జవాబు చెప్పాలి. అక్కడ నోరు తడబడకుండా ముందే సొంత ఆఫీసువాళ్లు తలుపులేసి కూర్చోబెట్టి మూడు చెరువుల నీళ్లు తాగిస్తారు. అందులో సెనేటర్ పాత్ర ఎప్పుడూ వెర్నాదే.

అలాగని ఆవిడ లాయరు కాదు. పుట్టింది వెస్ట్ వర్జీనియాలో, బొగ్గు గనుల ఊళ్లో. ఇరవై రెండో ఏట టైపు సర్టిఫికెట్ ఒకటి పట్టుకుని కొండ దిగి వచ్చి, హైవే పక్కన పైన్ చెట్ల వెనక బోర్డు లేని ఆ భవనంలో చేరింది. ఇప్పుడు అరవై ఒకటి. ఏం ఉద్యోగమమ్మా అని బయట ఎవరైనా అడిగితే "ప్రభుత్వంలో, కాగితాల పని" అంటుంది. నిజమే మరి. న్యాయ విభాగంలో ఫైళ్ల గది ఆవిడ రాజ్యం. ఏ కాగితం ఎక్కడుందో కంప్యూటరు కంటే ముందే చెప్పేస్తుంది. ముక్కు మీద కోపం, పెద్ద నోరు, ఒకచోట నిలవని కాళ్లు. శుక్రవారాలు మాత్రం మసాలా మాంసం ముక్కలు కూరి ఇంట్లో కాల్చిన పెపరోనీ రొట్టెలు తెచ్చి అందరికీ పంచుతుంది. అవి తిన్నవాళ్లు ఆ వారం తిన్న తిట్లు మరిచిపోతారు.

పద్నాలుగేళ్ల కిందట ఒక రిహార్సల్‌కి సెనేటర్ పాత్ర వేయాల్సిన లాయరు జ్వరమొచ్చి రాలేదు. "ఆ ప్రశ్నలు ఇటు పారెయ్యండి, చదవడమేగా" అంది వెర్నా. చదవడమా! ఉతికి ఆరేసింది. అప్పటినుంచి నలుగురు ప్రధాన న్యాయాధికారులు ఆవిడ చేతుల్లో నలిగాకే కుర్చీ ఎక్కారు. నలుగురూ బయటివాళ్లే. ఎక్కడినుంచో వచ్చి, రెండు మూడేళ్లు కూర్చుని, గోడ మీద ఫొటో పెట్టించుకుని వెళ్లిపోయారు. ఫైళ్ల గది ఏ అంతస్తులో ఉందో కూడా ఇద్దరికి తెలియదు.

ఈసారి పంపిన పేరు కోలిన్ ట్రెడ్‌వేది. ఇంటి మనిషి.

కోలిన్ ఆ ఆఫీసులో చేరి ఇరవై ఏళ్లు. చేరిన మొదటి రోజే జేబులో ఫోనుతో లోపలికి వచ్చేశాడు. ఆ భవనంలో ఫోను లోపలికి తేవడమంటే చెప్పుల కాళ్లతో గర్భగుడిలోకి నడవడమే. వెర్నా గార్డు కంటే ముందు చూసి, టై పట్టుకుని బయటికి లాక్కుపోయి, ఫోను పెట్టెలో పెట్టించి, "చదువుకున్నావు గానీ బుర్ర ఇంటి దగ్గర మరిచిపోయావా?" అని తలుపు దగ్గరే కడిగేసింది. ఆనాటినుంచి ఆవిడ అతనికి మిస్ వెర్నా. అతని తల్లి పోయినప్పుడు ఒహాయో దాకా ఏడు గంటలు కారు నడిపి తీసుకెళ్లింది ఆవిడే. పిల్లలు లేని మనిషి. కోలిన్ అంటే ఆవిడకి ప్రాణమని నేను వేరే చెప్పాలా?

పేరు వచ్చిన రోజునుంచి వెర్నా హడావుడి చూడాలి, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నట్టే. అయితే నియమం నియమమే. సెనేట్ ఓటేసేదాకా ఆ మనిషిని పదవిలో ఉన్నట్టు చూడకూడదు. ఆ కుర్చీలో కూర్చోకూడదు, ఆ పదవికిచ్చే మూలగదిలో మీటింగు పెట్టకూడదు. ఎవరో పాపం సంబరపడి ‘చీఫ్ కోలిన్’ అని క్రీముతో రాయించిన కేకు తెచ్చారు. వెర్నా ప్లాస్టిక్ కత్తితో ఆ అక్షరాలు గీకి పారేసి, "ఇప్పుడు కొయ్యండి" అంది. గీకిన క్రీము తనే తిన్నది కూడా.

మంగళవారం మొదటి రిహార్సల్. బల్ల చుట్టూ ఎనిమిదిమంది, ఎదురుగా కోలిన్. కమిటీవాళ్లు ముందుగా పంపిన ప్రశ్నల జాబితా వెర్నా చేతిలో. ముప్పై ఆరు ప్రశ్నలు దాటాడు. చెయ్యి చాపితే అందేలా నీళ్లున్నా ముట్టుకోలేదు. వెర్నాకి లోలోపల గర్వం పొంగుతోంది. పైకి మాత్రం మొహం గంటు పెట్టుకునే ఉంది.

"ముప్పై ఏడు," అంది గ్లాసు జుర్రి. "ఆరేళ్ల కిందట, విదేశాల్లో ఉన్న మన పౌరుల ఫోన్లు జడ్జి అనుమతి లేకుండా వినవచ్చని మీ ఆఫీసు ఒక అభిప్రాయం రాసింది. పత్రికలకెక్కి రచ్చ కూడా అయింది. రాసినవారు తమరే. మీ లాయర్లలో ఎవరైనా దానికి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారా, అయ్యా?"

"సెనేటర్ గారూ, అలాంటి అభ్యంతరం ఏదీ మా ఫైళ్లలో లేదు," అన్నాడు కోలిన్ తడుముకోకుండా.

"భేష్! సరిగ్గా ఇలాగే చెప్పు," అన్నారు బల్ల అవతలినుంచి ఎవరో.

వెర్నా ముప్పై ఎనిమిది చదవాలి. కాగితం తిప్పింది. నోరు తెరిచింది. పొలమారినట్టు దగ్గి, "ఒక్క నిమిషం" అని లేచి, ఆడవాళ్ల బాత్‌రూములోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడింది. ఆ అభ్యంతరాన్ని ఆవిడ కళ్లారా చూసింది.

అక్కడ ఏ అభిప్రాయమైనా ఒక అట్టలో పెట్టి గదుల వెంట తిప్పుతారు. అట్ట మీద ఒక పత్రం ఉంటుంది. అందులో లాయర్ల పేర్లు, ఒక్కో పేరు పక్కన రెండు గళ్లు: ఒప్పుకుంటాను, ఒప్పుకోను. పొట్టి సంతకం పెట్టి పక్క గదికి పంపాలి. పత్రం మీద కాఫీ ఒలికినా, చిరిగినా వెర్నా కొత్తది కొట్టి, అందరి చేతా మళ్లీ సంతకాలు పెట్టించి, పాతదాన్ని ఎర్ర చారల సంచిలో పడేస్తుంది. ఆ సంచుల్లో పడ్డవన్నీ సాయంత్రానికి బూడిద. వారానికోసారైనా జరిగే పని, ఎవరూ పట్టించుకోరు.

ఆరేళ్ల కిందట కోలిన్ ఒక అట్ట పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "మిస్ వెర్నా, కాఫీ పడింది, కొత్తది కొట్టండి. డైరెక్టరు ఇవాళే కావాలంటున్నాడు. మిరియమ్‌ని ఈ పనిలోంచి తీసేశాం, ఆవిడ పేరు అక్కర్లేదు." కాఫీ పడిన మాట నిజమే. కప్పు అడుగంత గుండ్రటి మరక. ఆ మరక పక్కనే, మిరియమ్ ఆష్‌బర్న్ అనే కుర్ర లాయరు పేరుకెదురుగా, ఎర్ర సిరాతో ఒక వరుస: ‘ఒప్పుకోను. మన పౌరుడు ఎక్కడున్నా మన పౌరుడే. జడ్జి అనుమతి కావాలి.’ వెర్నా అది చదివింది. చదవలేదని ఇప్పుడు బుకాయించడానికి లేదు. లాయర్ల గొడవ నాకెందుకులే అనుకుని కొత్తది కొట్టింది, పాతది సంచిలో వేసింది, భోజనానికి వెళ్లింది.

నెల తిరక్కుండానే మిరియమ్‌ని కింది అంతస్తుకు, కొత్తగా చేరినవాళ్లకు నియమాలు బోధించే విభాగానికి మార్చేశారు. వెళ్లేముందు ఆ పిల్ల ఫైళ్ల గదికి వచ్చి అట్ట చూపించమంది. పత్రం పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. "నా పేరున్న కాగితం ఏది, మిస్ వెర్నా?" అని అడిగింది.

"ఫైల్లో ఏముందో అదే ఉందమ్మా," అంది వెర్నా.

ఆ పిల్ల అట్ట మూసి ఇచ్చి వెళ్లిపోయింది. వెర్నా ఆ సంగతి మళ్లీ తలుచుకోలేదు, ఈ మంగళవారం దాకా.

బుధవారం పొద్దున ఆవిడ బల్ల మీద ఒక కాగితం ప్రత్యక్షమైంది. ముప్పై ఏడో జవాబుకు జతగా ఫైళ్లు చూసే మనిషి ధ్రువపత్రం ఇవ్వాలట. ‘న్యాయ విభాగం ఫైళ్లన్నీ పూర్తిగా వెతికాను. అటువంటి అభ్యంతరం ఏదీ దొరకలేదు.’ కింద గీత, గీత కింద ఆవిడ పేరు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఇవ్వాలి.

వెతికింది. ఏమీ లేదని తెలిసి కూడా వెతికింది. మూడు బీరువాలు ఖాళీ చేసి మళ్లీ సర్దింది. కాగితం మీద ఉన్న ప్రతి అక్షరం నిజమే, అదే కదా బాధ! సంతకం పెడితే కోలిన్‌కి కుర్చీ వస్తుంది, తను ఇంకో ఏడాది పనిచేసి మర్యాదగా ఇంటికి పోతుంది. పెట్టకపోతే? కోలిన్ పేరు వెనక్కి తీసుకుంటారు. సర్కారు కాగితాన్ని సంచిలో వేసింది తన చెయ్యి కాబట్టి తన మెడకీ చుట్టుకుంటుంది.

ఇక కాళ్లు ఆగితేనా! కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఫైళ్ల గదినుంచి మెట్ల దాకా, మెట్లనుంచి కాఫీ యంత్రం దాకా. కాఫీ పోసుకుని ఎక్కడో పెట్టేసి మళ్లీ పోసుకుంది. సాయంత్రం సరుకుల కొట్టుకి వెళ్లి, బండి తోసుకుంటూ అన్ని వరుసలూ తిరిగి, ఒట్టి చేతులతో ఇల్లు చేరింది. చేరీ చేరగానే పొయ్యి విప్పదీసి తోమడం మొదలుపెట్టింది.

ఇంట్లో ఉండేది ఆవిడా, అక్క నడీన్. నడీన్‌కి కూర్చున్నచోటునుంచే అన్నీ కనిపెట్టడం అలవాటు.

"ఏమైందే నీకు? మొన్ననే తోమావుగా."

"జిడ్డుగా ఉంది."

"జిడ్డు పొయ్యికి కాదు, నీ మొహానికుంది. డాక్టరు ఏమైనా చెప్పాడా?"

"లేదు."

"మగాడా?"

"నడీన్! నాకు అరవై ఒకటి."

"అయితే ఏం? పక్కింటి మేవిస్‌కి డెబ్బై రెండు, పోయినేడాదే పెళ్లి చేసుకుంది. సరే, ఆఫీసు సంగతా?"

వెర్నా పీచు కడిగి పిండింది. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆఫీసు సంగతి ఒక్క ముక్క ఇంట్లో చెప్పలేదు, చెప్పకూడదు. మొగుడు డేల్ బతికున్నంతకాలం ‘మా ఆవిడ ఏం చేస్తుందో నాకంటే ప్రెసిడెంటుకే బాగా తెలుసు’ అని నవ్వేవాడు. ఇన్నేళ్లూ అది పెద్ద బరువనిపించలేదు. ఇవాళ మాత్రం అక్క ఒళ్లో తల పెట్టి అంతా కక్కేయాలనిపించింది. పొయ్యిలోకి తలపెట్టి ఇంకా గట్టిగా తోమింది.

గురువారం రెండో రిహార్సల్. కోటు తొడుక్కుంది, గ్లాసు జుర్రింది, వరుసగా అడుగుతూ వచ్చింది. ముప్పై ఏడు దగ్గర కోలిన్ అదే జవాబు చెప్పాడు. వెర్నా కాగితం బోర్లించి బల్ల మీద పెట్టింది.

"ఫైళ్లలో లేదన్నారు. నేను ఫైళ్ల సంగతి అడగలేదయ్యా. ఎవరైనా రాశారా అని అడిగాను."

కోలిన్ కళ్లు చిట్లించాడు. "సెనేటర్ గారూ, నాకు తెలిసినంతలో..."

"తమరికి తెలిసినంత ఎంత?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఈవిడ ఇవాళ మంచి ఊపులో ఉందనుకున్నారు.

"ఫైళ్లలో ఏదీ..."

"ఉందా అని అడగట్లేదు. ఉండేదా?"

కోలిన్ ముందుకు వంగి, బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టాడు. వేషాలు ఆపమని అక్కడి గుర్తు. "ఐదు నిమిషాలు విరామం," అన్నాడు. "మిస్ వెర్నా, నా గదికి వస్తారా?"

గదిలోకి వెళ్లి తలుపు వేయగానే తిరిగాడు. "ఏంటిది?"

"నువ్వు చెప్పు ఏంటో. ఆ కాగితం గుర్తుందా లేదా నీకు?"

"కాఫీ పడింది. కొత్తది కొట్టారు. అవునా కాదా?"

"అవును."

"ఇంకేం మరి?"

"ఇంకేమా? ఆ పిల్ల రాసింది నువ్వు చదవలేదా?"

కోలిన్ కిటికీ వైపు చూశాడు. "చదివాను," అన్నాడు చివరికి. "ఆ వేళ డైరెక్టరు నా నెత్తిమీద కూర్చున్నాడు. ఒక్క ‘ఒప్పుకోను’ ఉంటే ఆ అట్ట ఇంకో నెల తిరిగేది. మిరియమ్‌ని ఆ పనిలోంచి తీసే అధికారం నాకుంది, తీశాను. అందులో ఏ చట్టం తప్పలేదు. మీరే చెప్పండి, ఏ చట్టం తప్పాను?"

"నన్నడుగుతావేంట్రా, నేనేమైనా లాయర్నా?"

"అయితే లాయర్లకి వదిలెయ్యండి. నా మాట వినండి, మిస్ వెర్నా. నేను ఆ కుర్చీలో కూర్చుంటే ఈ ఆఫీసు మారుతుంది. మీకూ తెలుసు. బయటినుంచి ఇంకొకడొస్తే మనందరి గతి ఏంటి? మిమ్మల్ని అబద్ధం రాయమనట్లేదు. వెతికారు, దొరకలేదు. అంతేగా ఆ కాగితంలో ఉన్నది?"

"అంతే ఉంది."

"మరి?"

"మరి నాకెందుకు కాలు నిలవట్లేదు?"

కోలిన్ దగ్గరికొచ్చి ఆవిడ భుజం మీద చెయ్యేశాడు. "అలిసిపోయారు. రేపు సంతకం పెట్టి తొందరగా ఇంటికెళ్లండి." మాట మెత్తగా ఉంది. చెయ్యి మాత్రం ఆవిడని మెల్లగా తలుపు వైపే తిప్పింది.

శుక్రవారం వెర్నా రొట్టెలు తేలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి. పది గంటలకు ధ్రువపత్రం అట్టలో పెట్టుకుని లిఫ్టు ఎక్కి కింది అంతస్తుకు దిగింది. ఎందుకు వెళ్తోందో ఆవిడకే తెలియదు. కిటికీలు లేని నడవా చివర గదిలో మిరియమ్ ఒక్కతే, కొత్తవాళ్లకి చూపించే బొమ్మల కాగితాలు దొంతులు పెడుతోంది. చేరినప్పటి పిల్ల కాదు, కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

"మిస్ వెర్నా! దారి తప్పారా?"

"కూర్చోవచ్చా?" అంది గానీ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "ఆ పత్రం సంగతి, అమ్మాయ్. ఆరేళ్ల కిందటిది."

మిరియమ్ చేతిలో కాగితాలు ఆగాయి. "అదిప్పుడెందుకు? కోలిన్ పైకి వెళ్తున్నాడని విన్నాను. నేను అడ్డుపడను. నాకు పోట్లాడే ఓపిక లేదు, ఇక్కడ బాగానే ఉన్నాను."

"నేను అది అడగడానికి రాలేదు."

"మరి?"

వెర్నా అట్టని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. అది చూసి మిరియమే తల దించుకుని అంది: "ఒకటి చెప్పనా? నవ్వొద్దు. ఆ రోజు ఫైలు చూశాక నామీద నాకే అనుమానం వచ్చింది. ఆ మాట నిజంగా రాశానా, రాయాలనుకుని ధైర్యం చాలక ఊరుకున్నానా అని. మొదటి ఏడాది రోజూ ఆలోచించాను. మా ఆయనకి చెప్పడానికి లేదు. డాక్టరుకి చెప్పడానికి లేదు. రాసి ఉండనులే, నాకంత గుండె ఎక్కడిది అని సరిపెట్టుకున్నాను. అప్పటినుంచి దేనికీ ‘ఒప్పుకోను’ అని రాయలేదు."

వెర్నా కుర్చీ వీపు వదిలేసింది.

"రాశావు," అంది. "ఎర్ర సిరాతో రాశావు. మన పౌరుడు ఎక్కడున్నా మన పౌరుడే, జడ్జి అనుమతి కావాలి అని. ‘మన’ కింద గీత కూడా గీశావు. నేను చదివాను. చదివే సంచిలో వేశాను. ఫైల్లో ఏముందో అదే ఉందని నీ మొహం మీద చెప్పాను. నన్ను తిట్టు తల్లీ, తిడితే వింటాను."

మిరియమ్ తిట్టలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా. "రాశానా?" అంది వేళ్ల సందునుంచి. "నిజంగా రాశానా?"

"రాశావమ్మా."

పదకొండున్నరకి వెర్నా ఆ బల్ల మీదే, మిరియమ్ పెన్నుతోనే, ధ్రువపత్రంలో అచ్చయిన వాక్యాల కింద చేత్తో రాసింది: ‘దొరకదు. ఒకటి ఉండేది. మిరియమ్ ఆష్‌బర్న్ రాసింది. మిస్టర్ ట్రెడ్‌వే అడగగా ఆమె పేరు లేకుండా కొత్త పత్రం కొట్టింది నేను. పాతది కాల్చడానికి వేసింది నేను. అందులో ఉన్న మాటలు ఇవి.’ ఆ మాటలు రాసి, సంతకం పెట్టి, పన్నెండుకి ఐదు నిమిషాల ముందు, కమిటీకి కాగితాలు పంపేచోట ఇచ్చేసింది. మంగళవారంనుంచి అప్పుడే మొదటిసారి ఆకలేసింది.

కోలిన్ ఆ రోజు ఫైళ్ల గది వైపు రాలేదు. ఫోనూ చేయలేదు. సోమవారం పొద్దున ఆవిడ గేటు దగ్గర బ్యాడ్జి ఆనిస్తే ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ ఆనించింది, మళ్లీ ఎర్ర దీపమే. భద్రతా విభాగంనుంచి ఇద్దరొచ్చారు, మర్యాదస్తులే. సర్కారు కాగితం నాశనం చేసినట్టు స్వయంగా ఒప్పుకున్నారు గనక విచారణ తేలేదాకా రహస్య ఫైళ్లు చూసే మీ అనుమతి నిలిపివేశామన్నారు. లోపలికెళ్లి సామాను తెచ్చుకోనివ్వలేదు. వాళ్లే అట్టపెట్టెలో పెట్టి తెచ్చారు: ఆఫీసు చెప్పులు, చేతులకి రాసుకునే క్రీము, సగం మిగిలిన అల్లం బిస్కెట్లు. ముప్పై తొమ్మిదేళ్ల సామాను ఆ పెట్టెలో సగం కూడా నిండలేదు. ఇంటికెళ్లి "సెలవు పెట్టాను" అంది. నడీన్ పెట్టెని చూసింది, చెల్లెల్ని చూసింది, గుడ్లు వేయించడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

బుధవారం సెనేట్ విచారణ. నడీనే టీవీ పెట్టింది. నల్ల సూటులో కోలిన్, వెనక వరుసలో భార్యా పిల్లలు. పేరు వెనక్కి తీసుకోలేదు. అసలు సెనేటరు చాలా మెతక మనిషి, నీళ్లు కూడా చప్పుడు లేకుండా తాగాడు. ముప్పై ఏడు తనే ఎత్తాడు. కళ్లద్దాలు పెట్టుకుని ఎర్ర సిరా వాక్యాన్ని ఒక్కో మాటా చదివి, "ఇది మీ ఆఫీసులో ఒకరు రాశారా?" అని అడిగాడు.

"రాశారు, సెనేటర్ గారూ," అన్నాడు కోలిన్. "మిరియమ్ ఆష్‌బర్న్ అనే లాయరు. ఆ పత్రం మరకపడితే కొత్తది తయారుచేయించాం. ఆ తొందరలో ఆమె అభ్యంతరం జారిపోయింది. పాతదాన్ని ఫైళ్ల ఉద్యోగిని నాశనం చేశారు. ఆమె తనంతట తానే ముందుకొచ్చి చెప్పారు. బాధ్యత మాత్రం పూర్తిగా నాది."

"మీ నిజాయితీని మెచ్చుకుంటున్నాను," అన్నాడు సెనేటరు. పక్కనున్న ఆవిడ కూడా మెచ్చుకుంది. ఇంతటి నిష్కపటమైన మనిషే ఆ కుర్చీకి కావాలన్నారు ఇంకొకరు. వెర్నా కాగితంలో ‘మిస్టర్ ట్రెడ్‌వే అడగగా’ అన్న ముక్క మాత్రం ఎవరూ ఎత్తలేదు.

"ఎంత బాగా మాట్లాడాడే నీ కోలిన్!" అని, అంతలోనే నడీన్ తల తిప్పి చెల్లెలి వైపు చూసింది. ఫైళ్ల ఉద్యోగిని ఎవరో, సోమవారం అట్టపెట్టె ఎందుకొచ్చిందో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దగ్గరికి జరిగి చెల్లెలి చెయ్యి పట్టుకుని, విచారణ అయ్యేదాకా వదల్లేదు.

‘జారిపోయింది’ అన్నాడు. వెర్నాకి ఒళ్లు మండిపోయింది. జారిపోవడానికి అదేమైనా సబ్బు బిళ్లా! అయినా ఏం లాభం? మిరియమ్ పేరు దేశమంతా వినేలా పలికాడు, అది చాలనుకుంది. అనుకుని లేచి హాల్లో ఆ మూలనుంచి ఈ మూలకి తిరగసాగింది. కమిటీలో పదమూడు మంది సరే, ఇద్దరు కాదు; ఆ వెనకే సెనేటూ సరేనని ఓటేసింది. కోలిన్ ట్రెడ్‌వే ప్రధాన న్యాయాధికారి అయ్యాడు.

తరవాతి మూడు వారాలు వెర్నా పోస్టు కోసం చూసింది. పైకి ఒప్పుకోదు గానీ చూసింది. తన మీది విచారణ ఎటు తేలినా చివరికి కాగితం ప్రధాన న్యాయాధికారి బల్ల మీదికే వస్తుందని ఆవిడకి తెలుసు. వాడు చూస్తాడు. కాఫీ సంగతి వాడికి తెలుసు, కొట్టమంది ఎవరో వాడికి తెలుసు. ఒక్క వాక్యం రాస్తే చాలు: అడిగింది నేను, ఆవిడ కాదు. పోస్టు బండి చప్పుడైతే చేతిలో పని వదిలేసి గేటు దాకా వెళ్లేది. మధ్యాహ్నమొకసారి, బండి రాదని తెలిసీ, మళ్లీ వెళ్లేది.

నాలుగో సోమవారం ఉత్తరం వచ్చింది. మందమైన కాగితం, పైన సంస్థ ముద్ర, పక్కన ప్రధాన న్యాయాధికారి కార్యాలయమని కొత్త అచ్చు. మూలన వరుస సంఖ్య: ఒకటి. అంటే ఆ కుర్చీలో కూర్చుని వాడు పంపిన మొదటి ఉత్తరం ఇదే. వెర్నా గేటు దగ్గరే నిలబడి చించింది.

‘ప్రియమైన మిసెస్ స్టాల్నేకర్, మీతో నాకున్న దీర్ఘకాల పరిచయం దృష్ట్యా, మీ అనుమతి విషయమై తీసుకునే ఏ నిర్ణయంలోనూ నేను పాల్గొనడం సముచితం కాదు. అందువల్ల ఆ విషయంనుంచి పూర్తిగా తప్పుకుంటున్నాను. ఇకపై దీని గురించి నాకు రాయవద్దని మనవి.’ కింద సంతకం. తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. ఏ కమిటీకి చూపించినా శభాష్ అంటుంది.

నడీన్ మెట్ల మీదికి వచ్చి నిలబడింది. "వాడేనా? ఏం రాశాడు?"

వెర్నా ఉత్తరాన్ని వెనక్కి తిప్పి చూసింది. ఏమీ లేదు. కవరు విప్పి లోపల వేలు పెట్టి వెతికింది. మళ్లీ ముందుకి తిప్పి, సంతకం కింద, అంచుల్లో చూసింది. మళ్లీ వెనక్కి తిప్పింది.

"ఏంటే వెతుకుతున్నావు?" అంది నడీన్.

"చేత్తో ఏమైనా రాశాడేమోనని," అంది వెర్నా. "ఒక్క ముక్క, నడీన్. వాళ్లమ్మని మట్టిలో పెట్టినరోజు రాత్రంతా నా చెయ్యే పట్టుకున్నాడే." నడీన్ మెట్లు దిగి వచ్చేలోపు ఆవిడ కవరుని ఇంకోసారి తెరిచి చూస్తోంది.